మూసా రేమండ్ సమాధి

మూసా రేమండ్ సమాధి హైదరాబాదు నగరపు తూర్పు భాగంలో, మూసారాంబాగ్ సమీపాన ఆస్మాన్‌గఢ్ దిబ్బ మీద ఉన్న చారిత్రక కట్టడం. రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో సేనానిగా పనిచేసిన ఫ్రెంచి దేశస్థుడు మిషెల్ జోకిం మరీ రేమండ్ (1755 - 1798) సమాధి ఇది. 28 స్తంభాలతో గ్రీకు తరహాలో కట్టిన మండపం, సుమారు 7 మీటర్ల (23 అడుగుల) ఎత్తు గల నల్లరాతి స్తంభం ఇక్కడి ముఖ్య నిర్మాణాలు. మండపం 2001 అక్టోబరులో భారీ వర్షాలకు కూలిపోగా తరువాత పునర్నిర్మించారు. కనుక ఇప్పుడు చూసేవారికి కనిపించే మండపం పాతదాని రూపంలో కట్టిన కొత్త కట్టడం. ఈ విషయం తెలియక దీనిని రెండు వందల ఏళ్ళ నాటి మండపంగానే వర్ణించే రచనలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

మూసారాంబాగ్ పేరు

మూసారాంబాగ్ అనే పేరు రేమండ్ పేరు నుండి వచ్చినదే. ఫ్రెంచి భాషలో పురుషులను గౌరవంగా పిలిచే "మొస్యే" అనే మాటకు రేమండ్ చేర్చి "మొస్యే రేమండ్" అని ఆయనను పిలిచేవారు. స్థానికుల నోట అది ముస్లిములకు "మూసా రహీం" అయినది, హిందువులకు "మూసా రాం" అయినది. మూసా అన్నది ముస్లిములకు ప్రవక్త పేరుగా పరిచయమైన మాటే. రహీం, రాం అనే పదాలు ఎవరి నాలుకకు వారివి. ఆయన పేరిట ఉన్న తోట మూసారాం బాగ్ అయి, తరువాత ఆ ప్రాంతమంతటికీ అదే పేరు స్థిరపడింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమైనప్పుడు ఇక్కడి స్టేషనుకు కూడా మూసారాంబాగ్ అనే పేరే పెట్టారు. రోజూ ఆ పేరు పలికే వేలమందిలో అది ఒక ఫ్రెంచి సైనికుని పేరని తెలిసినవారు తక్కువ.

దగ్గరలోనే ప్రవహించే మూసీ నదికీ ఈ పేరుకూ సంబంధం ఉన్నదని కొందరు అనుకోవడం కద్దు. ఉచ్చారణలో పోలిక తప్ప వేరే సంబంధం లేదు. అలాగే సమాధి మూసారాంబాగ్ కూడలిలోనే ఉంటుందని వెతుకుతూ వచ్చేవారు కూడా ఉన్నారు. అది అక్కడ కాక, కొంత దూరంలో ఆస్మాన్‌గఢ్ దిబ్బపై ఉన్నది. ఆస్మాన్‌గఢ్ అనే పేరు హైదరాబాదు ప్రధానమంత్రిగా 1887 నుండి 1894 వరకు పనిచేసిన పైగా వంశీకుడు సర్ ఆస్మాన్ జా ఇక్కడ కట్టించిన భవనం వలన వచ్చింది. అంటే దిబ్బకు ఆ పేరు వచ్చేనాటికి రేమండ్ మరణించి దాదాపు తొంభై ఏళ్ళు గడిచాయి.

రేమండ్ జీవితం

రేమండ్ 1755 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశపు గాస్కనీ ప్రాంతంలోని సెరిన్యాక్ అనే గ్రామంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. 1775లో వ్యాపారం చేసే ఉద్దేశంతో పుదుచ్చేరి చేరుకున్నాడు. వ్యాపారం ఎక్కువ కాలం సాగలేదు. కొంతకాలం మైసూరు సైన్యంలో పనిచేసి, 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద సహాయాధికారిగా చేరాడు. 1785లో బుస్సీ మరణించిన తరువాత, 1786లో హైదరాబాదు నిజాం కొలువుకు వచ్చాడు.

ఆ కాలంలో దక్కనులోని రాజులు తమ సైన్యాలకు యూరపు పద్ధతిలో శిక్షణ ఇప్పించుకోవడానికి పోటీపడేవారు. వరుసలుగా నిలబడి, ఒకే ఆజ్ఞకు తుపాకులు పేల్చే పదాతి దళాన్ని అశ్వదళంతో ఎదుర్కోవడం కష్టమని వారు గ్రహించారు. రేమండ్ కొద్దిమందితో మొదలుపెట్టి తన దళాన్ని పద్నాలుగు వేల వరకు పెంచాడు. నగరంలో ఫతే మైదానం వద్ద గల ఫిరంగుల కార్ఖానా ఆయన ఏర్పాటు చేసినదే. "తోప్ కా సాంచా" అని ఉర్దూలో పిలిచే ఆ స్థలమే నేటి గన్‌ఫౌండ్రీ. హైదరాబాదు పటంలో ఈ ఒక్క వ్యక్తి వలన రెండు పేర్లు మిగిలాయన్న మాట.

1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయాడు. ఆ యుద్ధంలో ఆంగ్లేయులు తటస్థంగా ఉండిపోవడం నిజాంకు ఆగ్రహం తెప్పించింది. తన వద్దనున్న ఆంగ్లేయ పటాలాలను పంపివేసి, రేమండ్ దళం మీద మరింతగా ఆధారపడ్డాడు. అదే సంవత్సరం నిజాం కుమారుడు ఆలీ జా తిరుగుబాటు చేయగా దానిని అణచివేసినది కూడా రేమండే. దీనితో దర్బారులో ఆయన పలుకుబడి అత్యున్నత స్థాయికి చేరింది. ఆయన దళాలు ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా పట్టుకుని కవాతు చేసేవని ఆంగ్లేయ అధికారులు ఆందోళనతో తమ ప్రభుత్వానికి వ్రాసుకున్నారు.

1798 మార్చి 25న రేమండ్ అకస్మాత్తుగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 42 సంవత్సరాలు. విషప్రయోగం జరిగిందనీ, ఆత్మహత్య చేసుకున్నాడనీ వదంతులు పుట్టాయి గాని ఏదీ ఋజువు కాలేదు. ఆయన స్థానంలో పిరాన్ అనే ఫ్రెంచి అధికారి వచ్చాడు. రేమండ్‌కు ఉన్న పలుకుబడి అతనికి లేదు.

తరువాతి పరిణామాలు చాలా వేగంగా జరిగాయి. కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ అదే సంవత్సరం వేసవిలో భారతదేశానికి వచ్చాడు. 1798 సెప్టెంబరు 1న నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం ఆరు వేల మంది కంపెనీ సిపాయీలను హైదరాబాదులో ఉంచాలి, వారి ఖర్చుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి అధికారులను పంపివేయాలి. ఇదే సైన్య సహకార పద్ధతి. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి, రక్తపాతం లేకుండా ఆయుధాలు దించుకున్నారు. జీతాల బాకీల వలన సిపాయీలు అప్పటికే తమ అధికారులపై తిరగబడి ఉండడం ఇందుకు తోడ్పడింది. పన్నెండేళ్ళు పెంచిన దళం, పెంచినవాడు పోయిన ఏడు నెలలకు లేకుండా పోయింది. మరుసటి సంవత్సరం మే 4న శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాను మరణించాడు. హైదరాబాదు సంస్థానం 1947 వరకు ఆంగ్లేయుల ఛత్రం దాటి బయటకు రాలేదు.

నిర్మాణం

సమాధి స్థలంలో రెండు భాగాలను వేర్వేరుగా గుర్తించాలి. మొదటిది నల్లరాతి స్తంభం. ఇది అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయిన కొద్దీ సన్నబడుతుంది. దీనిపై రేమండ్ పేరులోని "జె", "ఆర్" అనే రెండు ఆంగ్ల అక్షరాలు చెక్కి ఉన్నాయి. అవి జోకిం రేమండ్ అనే పేరుకు పొడి అక్షరాలు. ఇటువంటి స్తంభం మూలంలో గ్రీకులది కాదు. ప్రాచీన ఈజిప్టులో సూర్యదేవాలయాల ముందు నిలిపే ఏకశిలా స్తంభాలను రోమను చక్రవర్తులు తమ నగరానికి తరలించుకున్నారు. అక్కడ నుండి యూరపు వాసులు దానిని స్మారక చిహ్నంగా స్వీకరించారు.

రెండవది స్తంభాల మండపం. నాలుగు వైపులా తెరిచి ఉండి, సమదూరంలో నిలిపిన 28 స్తంభాల మీద చదునైన పైకప్పుతో ఉంటుంది. గ్రీకు ఆలయాలతో పోల్చి చూసినప్పుడు పోలికలూ తేడాలూ రెండూ కనిపిస్తాయి. కమానులు లేకుండా నిలువు స్తంభాల మీద అడ్డదూలాలను మోపడం, స్తంభాల వరుసే అలంకారం కావడం గ్రీకు పద్ధతి. అయితే గ్రీకు ఆలయానికి రెండు వైపులకు వాలిన పెంకుల కప్పు, దాని ముందు త్రికోణాకారపు నుదురు, లోపల విగ్రహం ఉండే మూసిన గది ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. కనుక దీనిని గ్రీకు ఆలయానికి నకలు అనడం కంటే, 18వ శతాబ్దపు యూరపువారు గ్రీకు శైలి అని భావించిన దాని ప్రకారం కట్టిన మండపం అనడం సబబు.

ఆ భావన ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే ఆనాటి యూరపును చూడాలి. 1748లో ఇటలీలో పాంపే నగర శిథిలాల త్రవ్వకం మొదలైనది. 1762లో స్టూఅర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఏథెన్సు కట్టడాలను స్వయంగా కొలిచి, చిత్రాలతో మొదటి సంపుటం ప్రచురించారు. 1764లో జర్మను పండితుడు వింకెల్మన్ ప్రాచీన కళాచరిత్ర వెలువడింది. దీనితో పారిస్ మొదలు సెయింట్ పీటర్స్‌బర్గ్ వరకు ప్రభుత్వ భవనాలు, సమాధులు, తోటలలోని విహార మండపాలు కూడా గ్రీకు, రోమను స్తంభాలు ధరించాయి. రేమండ్ పెరిగినది ఆ కాలంలోనే.

హైదరాబాదు వాసులకు ఈ మండపం మరీ పరాయిదిగా తోచి ఉండదని చెప్పవచ్చు. కుతుబ్ షాహీల కట్టడాలు కమానులు, గుమ్మటాల మీద ఆధారపడినవి. కాని వాటికి ముందే కాకతీయులు స్తంభం మీద దూలం మోపే పద్ధతిలో మండపాలు కట్టారు. 1163లో హనుమకొండలో నిర్మించిన వేయిస్తంభాల గుడి అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. దేవుని గుడి ముందు నాలుగు వైపులా తెరిచిన స్తంభాల మండపం తెలుగువారికి అలవాటైన దృశ్యం. రేమండ్ సమాధి వద్ద జనం అగరువత్తులు వెలిగించి దీపాలు పెట్టడం వెనుక ఈ పోలిక కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. ఆయన వర్ధంతి నాడు 1940ల వరకు ప్రజలు ఇక్కడ గుమిగూడేవారు. క్రైస్తవుడైన ఫ్రెంచి సైనికునికి ఉర్సు వంటి ఉత్సవం జరగడం హైదరాబాదు సంస్కృతిలోని విశేషం.

నదికి ఆవలి స్తంభాలు

రేమండ్ పలుకుబడిని తుడిచివేయడానికి పాటుపడిన ఆంగ్లేయ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కొద్ది సంవత్సరాల తరువాత మూసీ ఉత్తరపు ఒడ్డున పెద్ద భవనం కట్టించాడు. మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ దాని రూపశిల్పి. దాని ముందు భాగంలో కొరింథియన్ శైలి స్తంభాలు ఆరు నిలిచి ఉంటాయి. కొరింథియన్ అంటే ఆకుల గుత్తి వంటి చెక్కడంతో తల ఉన్న స్తంభం, గ్రీకు శైలులు మూడింటిలో చివర వచ్చినది. ఆ భవనమే కోఠీలోని రెసిడెన్సీ. తరువాతి కాలంలో మహిళా కళాశాలకు నిలయమైనది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సహాయంతో దానికి 21వ శతాబ్దంలో మరమ్మతులు జరిగాయి.

ఆ విధంగా పోటీపడిన రెండు పక్షాల వారూ నదికి చెరొక వైపున గ్రీకు స్తంభాలనే మిగిల్చారు. గెలిచినవారిది రాజప్రాసాదం, ఓడినవారిది సమాధి.

కూలిపోవడం, పునర్నిర్మాణం

స్తంభం మీద దూలం మోపే పద్ధతికి ఒక సహజమైన బలహీనత ఉన్నది. నిలువు స్తంభం మీద పడే భారం దానిని అదుముతుంది. రాయి గాని, ఇటుక గాని, సున్నం గాని అదుముడుకు బాగా తట్టుకుంటాయి. అడ్డంగా ఉన్న దూలం మాత్రం బరువుకు మధ్యలో వంగబోతుంది, దాని అడుగు భాగం సాగబోతుంది. సాగుడుకు ఈ పదార్థాలు తట్టుకోలేవు. అందుకే గ్రీకులు స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపేవారు. దీనికి చదునైన కప్పు తోడైతే వర్షపు నీరు త్వరగా జారిపోదు. పగుళ్ళలోకి దిగిన నీరు సున్నాన్ని పిండిలా చేస్తుంది, అదే పగుళ్ళలో రావి, మర్రి మొలకలు వేళ్ళూనుతాయి. ఏటేటా చేయవలసిన మరమ్మతు ఆగిపోతే ఇటువంటి కట్టడం ఒక పెద్ద వాన కోసం ఎదురు చూస్తున్నట్లే. 2001 అక్టోబరులో ఇక్కడ ఆ వాన వచ్చింది.

కూలిన కట్టడాన్ని తిరిగి నిలపవచ్చునా, నిలిపితే అది పాతదే అవుతుందా అనే ప్రశ్న గ్రీసు దేశంలోనూ ఉన్నది. ఏథెన్సులోని పార్థినాన్ ఆలయాన్ని క్రీ.పూ. 447 - 432 మధ్య కట్టారు. క్రీ.శ. 1687లో టర్కీ సైన్యం దానిలో తుపాకిమందు నిలవ చేయగా, వెనిస్ సైన్యం ప్రయోగించిన గుండు తగిలి పేలిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో బలానోస్ అనే ఇంజనీరు పడిపోయిన స్తంభాలను తిరిగి నిలబెట్టాడు. అయితే ఆయన వాడిన ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి, పాలరాయిని లోపల నుండి పగలగొట్టాయి. దానితో 1975 తరువాత ఏర్పడిన సంఘం ఆ పనిని విప్పి, టైటానియం కడ్డీలతో మళ్ళీ చేయవలసి వచ్చింది.

తెలుగునాట వేయిస్తంభాల గుడి కల్యాణ మండపానికి రాళ్ళను విడదీసి తిరిగి పేర్చే పద్ధతిని అనుసరించారు. పని చాలా సంవత్సరాలు సాగి, 2024 మార్చిలో మండపాన్ని ప్రజలకు తెరిచారు. అక్కడ పాత రాళ్ళే ఉన్నందున కట్టడం పాతదే అనడానికి ఆధారం ఉన్నది. రేమండ్ మండపం విషయంలో అలా అనలేము. ఇక్కడ నల్లరాతి స్తంభం నాటిది, దాని పక్కనున్న మండపం నేటిది. చూడబోయేవారు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి. ఇందులో మండపాన్ని చిన్నబుచ్చడం లేదు. ఖాళీ దిబ్బ కంటే రూపం నిలిచిన దిబ్బ మేలు. కాని ఏది అసలో ఏది కొత్తదో చెప్పే ఫలకం లేని పునర్నిర్మాణం తరువాతి తరాల వారిని పొరపాటు దారి పట్టిస్తుంది.

వీడియో గేములలో గ్రీకు శిథిలాలు

నేటి విద్యార్థులకు గ్రీకు స్తంభాలు పరిచయమయ్యేది పాఠ్యపుస్తకం కంటే ముందు వీడియో గేములలోనే. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆటలో గ్రీకు నాగరికత ఒకటి. 2005లో గాడ్ ఆఫ్ వార్ గ్రీకు పురాణాల మీద ఆధారపడి వచ్చింది. వీటిలో స్తంభాలు ఎక్కువగా తెల్లగా ఉంటాయి, చాలాసార్లు విరిగి ఉంటాయి. నిజానికి గ్రీకులు తమ ఆలయాలకు ఎరుపు, నీలం, బంగారు రంగులు వేసేవారు. రంగులు కాలక్రమాన వెలిసిపోగా, మిగిలిన తెల్లని పాలరాయినే 18వ శతాబ్దపు యూరపు వారు గ్రీకు సౌందర్యంగా భావించారు. మన దేవాలయ గోపురాలకు రంగులు వేయడం చూసి ముఖం చిట్లించే వారు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

2018 అక్టోబరులో యూబిసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ ఈ విషయంలో చెప్పుకోదగినది. ఆ కథ క్రీ.పూ. 431లో, ఏథెన్సుకూ స్పార్టాకూ యుద్ధం మొదలైన కాలంలో జరుగుతుంది. అప్పటికి పార్థినాన్ పూర్తయి ఒక్క సంవత్సరమే అయినది. అందుచేత ఆటలో అది చెక్కుచెదరకుండా, రంగులతో కనిపిస్తుంది. అదే ఆటలో క్రీట్ ద్వీపంలోని నోసోస్ రాజప్రాసాదం మాత్రం శిథిలంగా ఉంటుంది. నోసోస్ వైభవం క్రీ.పూ. 14వ శతాబ్దంలోనే ముగిసింది కనుక, ఆటలోని పాత్రలకు కూడా అది తొమ్మిది వందల ఏళ్ళ నాటి పాతబడిన చోటు. మనం ప్రాచీనం అనుకునే గ్రీకులకూ ఒక ప్రాచీనత ఉన్నదని పాఠంలో చెబితే పిల్లలకు అంత సులువుగా పట్టుబడదు. ఆటలో మాత్రం పార్థినాన్ ముందు నిలబడి, తరువాత నోసోస్ చేరుకున్నవారికి అది వెంటనే తెలుస్తుంది. 2019 సెప్టెంబరులో ఇదే ప్రపంచాన్ని, పోరాటాలు తొలగించి, చదువు కోసం విహరించే రూపంలో కూడా విడుదల చేశారు.

అయితే ఇక్కడ కూడా ఏది అసలు అన్న చిక్కు ఉన్నది. నేడు క్రీట్‌కు వెళ్ళేవారు చూసే నోసోస్‌లో ఎర్రని స్తంభాలు, మెట్లు, రంగుల గోడలు చాలావరకు 1900లో త్రవ్వకాలు ప్రారంభించిన ఆర్థర్ ఇవాన్స్ కాంక్రీటుతో కట్టించినవి. ఆయన ఊహలో కొంత నిజం, కొంత కల్పన కలిసిపోయాయి. తరువాతి చిత్రాలు, సినిమాలు, ఆటలు అన్నీ ఎంతో కొంత ఆ ఊహకే ఋణపడి ఉన్నాయి.

ఆటలోని నమూనాలతో కూలిన కట్టడాలను తిరిగి కట్టవచ్చునన్న నమ్మకం 2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చి కాలిపోయినప్పుడు బాగా ప్రచారమైనది. అదే శ్రేణికి చెందిన అంతకు ముందరి ఆటలో ఆ చర్చి ఉన్నందువలన దాని ఆధారంగా పునర్నిర్మిస్తారని పత్రికలు వ్రాశాయి. అది సరికాదు. ఆటలో అందం కోసం, ఎక్కడానికి వీలు కోసం కొలతలు మారుస్తారు. పునర్నిర్మాణానికి పనికి వచ్చినది కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ టాలన్ అంతకు ముందే లేజరు పరికరంతో తీసి ఉంచిన ఖచ్చితమైన కొలతలు.

రేమండ్ సమాధి వంటి చిన్న కట్టడాలకు కూడా ఇటువంటి కొలతలు తీసి ఉంచడం కష్టమైన పని కాదు. స్తంభానికి స్తంభానికి మధ్య దూరం, స్తంభపు చుట్టుకొలత, కప్పు మందం, నాలుగు దిక్కుల నుండి ఛాయాచిత్రాలు ఉంటే సరిపోతుంది. ఒక టేపు, ఒక కెమెరా ఉన్న కళాశాల విద్యార్థుల బృందం ఒక ఆదివారం పూట చేయగల పని ఇది. కట్టడం నిలిచి ఉండగానే చేయాలి.

చేరుకునే మార్గం

మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్లు రెండూ సమీపంలోనివే. అక్కడ నుండి ఆస్మాన్‌గఢ్ అని అడిగి ఆటోలో చేరుకోవచ్చు. "రేమండ్ సమాధి" అని అడిగితే తెలియనివారు కూడా "మూసారాం సమాధి" అంటే దారి చూపవచ్చు.